నాది కాని బండికి నా నంబరు మీద చలాన్: పోలీసు సర్వర్‌లో తీసేసినా మిగతాచోట్ల ఎందుకు పోవడం లేదు?

బ్లాక్ బైక్ · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నాది నల్లరంగు 125 సీసీ బైక్, తెలంగాణ రిజిస్ట్రేషన్. పోయిన నెల ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: ఓవర్ స్పీడ్, 1,035 రూపాయలు. పోర్టల్ తెరిచి ఇమేజ్ మీద నొక్కితే అందులో ఉన్నది తెల్ల స్కూటర్. కాళ్ల దగ్గర కూరగాయల సంచి, నడుపుతున్నది ఎవరో పెద్దాయన. చలాన్‌లో మాత్రం నా బండి నంబరు. ఫొటో పెద్దది చేసి చూస్తే చివరి అంకె మీద మట్టి అంటుకుని ఉంది. 3 అనుకుంటే 3, 8 అనుకుంటే 8. ఆ టైముకు నా బండి ఆఫీసు సెల్లార్‌లో ఉంది, సీసీటీవీ రికార్డింగ్ కూడా ఉంది.

బండి ఫొటోలు, ఆర్సీ జతచేసి ఫిర్యాదు పెట్టాను. కొన్నాళ్లకు పోర్టల్లోంచి ఆ చలాన్ తీసేశారు. వాళ్లు ఆ పని చేసిపెట్టారు, ఆ మాట చెప్పాలి. కానీ ఇప్పుడు ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం ఒక ప్రైవేటు యాప్‌లో నంబరు కొడితే అదే చలాన్ ‘పెండింగ్’ అని వస్తోంది. బండి అమ్ముదామని సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గరికి వెళ్తే ఆయన ఫోన్‌లోనూ అదే. ‘డ్యూ ఉంది సార్, రేటులో తగ్గించుకుంటా’ అంటున్నాడు. పోలీసుల దగ్గర లేదని స్క్రీన్ చూపించినా నమ్మడం లేదు.

తప్పును దిద్దాల్సిన వాళ్లు దిద్దేశారు. మిగతావాళ్ల దగ్గర అది ఎందుకు అలాగే ఉంది? ఎవరిని అడగాలి?

చందానగర్ చిన్నోడు · సోమవారం, రాత్రి 9:30

అన్నా, వెయ్యి రూపాయల కోసం ఇంత టెన్షన్ ఎందుకు? కట్టేసి వదిలించుకో.

కృష్ణలంక లక్ష్మి · సోమవారం, రాత్రి 9:41

కట్టడానికి అక్కడ చలానే లేదు కదా తమ్ముడూ, పోర్టల్లో తీసేశారని రాశారుగా! ఒకవేళ ఉన్నా, చేయని తప్పుకు డబ్బు కడితే చేసినట్టు ఒప్పుకున్నట్టే. రికార్డులో అలాగే నిలిచిపోతుంది.

సర్వర్ రూమ్ · సోమవారం, రాత్రి 10:25

నేను పోలీసు శాఖలో కాదు గానీ, ఒక కంప్యూటర్ వ్యవస్థ నుంచి ఇంకోదానికి డేటా పంపే పనే నా ఉద్యోగం. బయటి నుంచి చూస్తే ‘గవర్నమెంట్ సర్వర్’ అని ఒక్కటే ఉందనుకుంటాం. నిజానికి ఇక్కడ ఉన్నవి చాలా.

బండి ఎవరిదో చెప్పేది రవాణా శాఖ డేటాబేస్. చలాన్ వేసేది పోలీసు శాఖ, దాని డేటాబేస్ వేరు. కెమెరా ఫొటోలోంచి నంబరును సాఫ్ట్‌వేర్ చదువుతుంది, లేదా కంట్రోల్ రూమ్‌లో మనిషి చూసి టైపు చేస్తారు. ఆ నంబరుతో రవాణా శాఖ రికార్డును అడిగితే యజమాని పేరు, చిరునామా, మొబైల్ నంబరు వస్తాయి. వాటితో చలాన్ తయారవుతుంది. అంటే చలాన్ అంటుకునేది మనిషికి కాదు, నంబరుకు. ఆ నంబరు ఎవరి పేరున ఉంటే ఆ పేరు దాని వెనకాల వస్తుంది. ఫొటోలో స్కూటర్ ఉందా, బైక్ ఉందా అని ఆర్సీతో సరిచూసే మెట్టు ఒక్కటి పెట్టినా మీ చలాన్ పుట్టేదే కాదు. ఆర్సీలో బండి మోడల్, రంగు రెండూ ఉంటాయి. చూసే తీరిక లేదు, అంతే.

ఇక దేశం మొత్తానికి ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) తయారుచేసిన వాహన్ (బండ్లు), సారథి (లైసెన్సులు), వాటితోపాటు ఈ-చలాన్ ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల కథ వేరు. ఉమ్మడి రాష్ట్రంలోనే రవాణా శాఖకు సీఎఫ్ఎస్‌టీ అనే సొంత కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. మిగతా చాలా రాష్ట్రాల కంటే ముందే మొదలుపెట్టాం. ముందే మొదలుపెట్టడం వల్లే తర్వాత దేశవ్యాప్త వ్యవస్థలో కలవడం ఆలస్యమైంది. తెలంగాణ చాలా ఏళ్లు వాహన్ బయటే ఉంది. డీలర్ల సంఘం ఫాడా నెలనెలా ఇచ్చే అమ్మకాల లెక్కల కింద ‘తెలంగాణ లెక్క ఇందులో లేదు’ అని రాసేవాళ్లు, గుర్తుందా? అదీ సంగతి. చలాన్లకూ తెలంగాణ పోలీసులకు సొంత పోర్టల్ ఉంది, ఆంధ్రాది ఇంకోటి, కేంద్రానిది మరోటి.

ఇప్పుడు మీ ప్రశ్న. ప్రైవేటు యాప్ వాళ్లు మీరు నంబరు కొట్టిన ప్రతిసారీ పోలీసు సర్వర్‌ను అడగరు. ఒకసారి తెచ్చుకున్నది తమ దగ్గరే దాచుకుంటారు, లేదా మధ్యలో ఇంకో కంపెనీ దగ్గర కొంటారు. కొత్త చలాన్ వస్తే చేరే దారిని అందరూ శ్రద్ధగా కడతారు, దాంట్లో వ్యాపారం ఉంది. రద్దయిన చలాన్ సంగతి తెలిపే దారి మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ కట్టరు. పోలీసు సర్వర్‌లో ఆ చలాన్ నమోదే మాయమైపోతే, పాత కాపీ ఉన్నవాడికి అది మాయమైందని ఎలా తెలుస్తుంది? తీసేయకుండా ‘రద్దు, ఫలానా తేదీ, ఫలానా కారణం’ అని ఉంచితే కనీసం అడిగినవాడికి జవాబు దొరుకుతుంది. నా ఉద్యోగంలో నేను ప్రతిసారీ గొడవపడేది దీని గురించే.

బ్లాక్ బైక్ · సోమవారం, రాత్రి 10:40

సార్, ఇప్పుడు అర్థమైంది. పోర్టల్లో అసలు లేకుండా తీసేయడం వల్ల నా దగ్గరా ఏ ఆధారం మిగల్లేదు. ఫిర్యాదు నంబరు మెసేజ్ ఒక్కటే ఉంది.

కృష్ణలంక లక్ష్మి · మంగళవారం, ఉదయం 7:15

ఆ మెసేజ్ డిలీట్ చేయకండి.

మాది ఇంకో రకం బాధ. మా ఆయన స్కూటీ అమ్మాం. కొన్నతను పేరు మార్పించుకోలేదు. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు చేసి చేతికిచ్చాం, ‘నేను చూసుకుంటా మేడం’ అన్నాడు. ఇప్పటికీ హెల్మెట్ లేకుండా తిరిగితే మెసేజ్ మా ఆయనకే. ఆంధ్రాలో 2020 అక్టోబరులోనే జరిమానాలు పెంచారు, హెల్మెట్ లేకపోతే వెయ్యి. ఎవరో తిరగడం, మేం వణకడం. రేపు ఆ బండితో యాక్సిడెంట్ చేస్తే?

బార్ కౌన్సిల్ బెంచీ · మంగళవారం, ఉదయం 8:50

లక్ష్మిగారూ, మీ భయం నిజమే. సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది: రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. అమ్మేశాను, డబ్బు తీసుకున్నాను, ఆ పైన అతను ఇంకొకరికి అమ్మాడు అన్నా, ప్రమాద పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న వ్యక్తిదే. కాబట్టి ఇవాళే పని మొదలుపెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. గడువు దాటినా సరే, రవాణా శాఖకు రాతపూర్వకంగా తెలియజేసి అందినట్టు ముద్ర వేయించుకోండి. ఫారాలు కొన్నవాడి చేతికిచ్చి వచ్చేయడం మన దగ్గర అందరూ చేసేదే, చిక్కంతా అక్కడే. చలాన్ల విషయానికి సెక్షన్ 133 ఉంది. ఆ సమయంలో బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత యజమానిది. దాన్ని మీకు అనుకూలంగా వాడుకోండి, కొన్నవాడి పేరు, ఫోన్, ఆధారాలు రాసివ్వండి.

బ్లాక్ బైక్ గారికి: కెమెరాతో పట్టే తప్పులకు సెక్షన్ 136ఏ, దాని కింద 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నిబంధన ఉన్నాయి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. అందులో నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ ఉల్లంఘించారో ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువీకరణ పత్రం కూడా ఉండాలి. పరికరానికి ఏటా సర్టిఫికెట్ రెన్యువల్ కావాలి. మట్టి అంటిన ప్లేటును స్పష్టమైన ఫొటో అంటే ఏ కోర్టూ ఒప్పుకోదని నా నమ్మకం.

ఇంకో మాట. చలాన్ ఆరోపణ మాత్రమే, తీర్పు కాదు. కట్టడం అంటే సెక్షన్ 200 కింద రాజీ. ఇష్టం లేకపోతే కోర్టులో తేల్చుకునే హక్కు మీకుంది. పైగా కేవలం జరిమానాతో పోయే నేరాలను కోర్టు విచారణకు తీసుకోవడానికి 6 నెలల కాలపరిమితి ఉంది. అది పాత సీఆర్‌పీసీ 468లో ఉండేది, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 514. యాప్‌ల్లో ఏళ్ల తరబడి ‘పెండింగ్’ అని కనిపించేవాటిని ఈ వెలుగులో చూడాలి.

చందానగర్ చిన్నోడు · మంగళవారం, ఉదయం 9:20

సార్, మరి పెండింగ్ చలాన్లున్నాయని రోడ్డు మీద బండి తాళం తీసుకుంటారు కదా?

బార్ కౌన్సిల్ బెంచీ · మంగళవారం, ఉదయం 9:34

బండిని ఆపి ఉంచుకునే అధికారం సెక్షన్ 207లో ఉంది. లైసెన్సు లేకుండా నడపడం, మైనర్లు నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లాంటివాటికి. పాత చలాన్ బాకీ ఆ జాబితాలో లేదు. మర్యాదగా ఆ సెక్షన్ అడగండి. డిజీలాకర్, ఎంపరివాహన్‌లో చూపిన ఆర్సీ, లైసెన్సు చెల్లుతాయి, కాగితం అడగకూడదు.

పాత స్టేషన్ రైటర్ · మంగళవారం, మధ్యాహ్నం 2:05

ట్రాఫిక్‌లో పనిచేసి రిటైరయ్యాను. అటువైపు మాట కూడా ఒకటి చెప్పనివ్వండి.

రసీదు పుస్తకాల కాలంలో మూడు కాపీల కార్బన్ పేపర్ పెట్టి రాసేవాళ్లం. ఒక బండి వాడు పొద్దున ఒక జంక్షన్‌లో, సాయంత్రం ఇంకో జంక్షన్‌లో దొరికినా మాకు తెలిసే దారి లేదు. తాగి నడిపి లైసెన్సు సస్పెండైనవాడు పక్క జిల్లాలో దర్జాగా తిరిగేవాడు. కంప్యూటర్ వచ్చాక ఇవి తగ్గాయి. చేతిలో ట్యాబ్‌లో నంబరు కొట్టగానే దొంగ బండి అని వస్తే ఆ ఆనందం ఉద్యోగం చేసినవాళ్లకే తెలుసు. రోడ్డు ప్రమాదాల సంగతి మరీ ముఖ్యం. ప్రమాదాల వివరాలు ఒకచోట నమోదు చేయడానికి ఐఐటీ మద్రాసు, ఎన్ఐసీ కలిసి చేసిన ఐరాడ్, ఆ తర్వాత ఈ-డార్ వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం మొదటి నివేదిక 48 గంటల్లో క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లాలి. పూర్తి నివేదిక 90 రోజుల్లో. ఇదివరకు చనిపోయినవాళ్ల కుటుంబం ఎఫ్ఐఆర్ కాపీ కోసం స్టేషన్ చుట్టూ, బండి వివరాల కోసం ఆర్టీఏ చుట్టూ తిరిగేది. మధ్యలో బ్రోకర్లు. ఒక తల్లి కాగితాలు పట్టుకుని స్టేషన్ వరండాలో పొద్దుగూకులూ కూర్చోవడం నేను చూశాను. డేటా పంచుకోవద్దు అనే మాట వస్తే నాకు ఆవిడే కనిపిస్తుంది.

అలాగే తప్పులు ఎలా పుడతాయో కూడా చూశాను. షిఫ్టు చివర్లో స్క్రీన్ ముందు కూర్చున్న పిల్లాడు వందల ఫొటోలు చూడాలి. ఫ్యాన్సీ అంకెలు, వంగిన ప్లేట్లు, చీరకొంగు అడ్డం. 8 దగ్గర బీ, 0 దగ్గర డీ. పైగా 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ, పాతవి టీఎస్, ఇంకా పాతవి ఏపీ. మూడూ ఒకే రోడ్డు మీద. అక్షరం మారితే బండే మారిపోతుంది. వాడికి ఎన్ని చలాన్లు వేశావని అడిగే అధికారి ఉంటాడు, ఎన్ని తప్పు పోయాయని అడిగే అధికారి నాకు కనబడలేదు.

సర్వర్ రూమ్ · మంగళవారం, మధ్యాహ్నం 2:40

పెద్దాయన చివరి వాక్యాన్ని ప్రతి కంట్రోల్ రూమ్ గోడ మీదా రాయాలి.

డిస్కౌంట్ల సంగతి కూడా ఇందులో భాగమే. తెలంగాణలో 2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబరులో పెండింగ్ చలాన్లకు భారీ తగ్గింపు ఇచ్చారు. రెండోసారి టూవీలర్లకు 80 శాతం. జనం క్యూ కట్టి కట్టేశారు. తమది కాని చలాన్ అని తెలిసినవాళ్లు కూడా ‘పోనీలే, ఇరవై శాతమే కదా’ అని కట్టేశారు, మా ఇంట్లోనే ఇద్దరు. డేటాబేస్‌లో అవన్నీ ‘చెల్లించారు’ అని ఉంటాయి. ఎన్ని తప్పు చలాన్లు పడ్డాయో లెక్క తేలే అవకాశం అక్కడే పోయింది.

డాలస్ తెలుగు · మంగళవారం, రాత్రి 11:50

ఇది చదువుతుంటే మా దగ్గర అమెరికాలో 2025లో పిల్లలు పడ్డ బాధ గుర్తొచ్చి రాస్తున్నాను. ఇక్కడ చదివే తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఈ చర్చలో ఉంటే వాళ్లకు పనికొస్తుంది.

ఆ ఏడాది మార్చి, ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. సెవిస్ అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల ప్రభుత్వ రికార్డు. అది రద్దయితే ఇక్కడ ఉండే ఆధారమే పోతుంది. కారణం ఏమిటో యూనివర్సిటీకీ తెలియదు. తర్వాత కోర్టుల్లో ప్రభుత్వ అధికారులే చెప్పారు: దాదాపు 13 లక్షలమంది విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌సీఐసీ అనే డేటాబేస్‌లో వేసి చూశారు, 6,400 దాకా పేర్లు తగిలాయి. ఎన్‌సీఐసీ 1967 నుంచి ఉన్న పోలీసు వ్యవస్థ. రోడ్డు మీద ఆపిన పోలీసు కారులోంచి అడిగేది దాన్నే. అందులో పేరు తగిలిందంటే శిక్ష పడిందని కాదు. ఎక్కడో అరెస్టు రికార్డయి ఉండొచ్చు, తర్వాత కేసు కొట్టేసి ఉండొచ్చు.

మామూలు స్పీడింగ్ టికెట్ అయితే రాష్ట్ర డీఎంవీ (లైసెన్సులిచ్చే శాఖ) దగ్గరే ఉంటుంది. కానీ కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండానో, సస్పెండైన లైసెన్సుతోనో నడిపితే క్రిమినల్ కేసే, వేలిముద్రలు తీసుకుంటారు. వేలిముద్ర పడిందా, అది రాష్ట్రం నుంచి ఎఫ్‌బీఐకి వెళ్తుంది. జడ్జిగారు కేసు కొట్టేశాక ఆ కబురు మాత్రం కౌంటీ కోర్టు గుమస్తా పంపితేనే చేరుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక అబ్బాయి, గుంటూరు వైపు పిల్లాడు, కేసు డిస్మిస్ అయిన కాగితం చేతిలో పట్టుకుని మా సోఫాలో కూర్చున్నాడు. ఇంటికి ఫోన్ చేసి చెప్పే ధైర్యం లేదు. అతనికి ఏప్రిల్ నెలాఖరులో రికార్డు తిరిగి వచ్చింది. కోర్టుల్లో వరుసగా కేసులు పడ్డాక ప్రభుత్వం ఏప్రిల్ 25న రికార్డులు పునరుద్ధరిస్తున్నట్టు చెప్పింది.

మీ పిల్లలకు చెప్పండి: ఏ చిన్న ట్రాఫిక్ కేసైనా, కేసు చివరికి ఏమైందో చెప్పే, కోర్టు ముద్ర ఉన్న ‘సర్టిఫైడ్ డిస్పొజిషన్’ తీసుకుని దాచుకోమనండి. ఏ డేటాబేస్‌లో ఏముందో మన చేతిలో లేదు, ఆ కాగితం మాత్రం మన చేతిలో ఉంటుంది.

కృష్ణలంక లక్ష్మి · బుధవారం, ఉదయం 6:40

మా అక్క కొడుకు అక్కడే ఉన్నాడండి. ఇప్పుడే వాడికి ఇది పంపాను.

గోప్యం · బుధవారం, ఉదయం 10:10

ఈ యాప్‌ల దగ్గరికి మన బండి వివరాలు అసలు ఎలా వెళ్లాయో కూడా మాట్లాడుకోవాలి. కేంద్ర రవాణా శాఖ 2019లో వాహన్, సారథి డేటాను మొత్తంగా అమ్మడానికి ఒక విధానమే తెచ్చింది. కంపెనీకి ఏడాదికి 3 కోట్లు. 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఇచ్చామని, 65 కోట్లు వచ్చాయని ఆ ఏడాదే పార్లమెంటులో చెప్పారు. 2020లో గోప్యత మీద అభ్యంతరాలతో ఆ విధానం రద్దు చేశారు. విధానం రద్దయింది సరే, వెళ్లిన డేటా వెనక్కి వస్తుందా? పోలీసు వైపూ భద్రంగా లేదు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ, టీఎస్‌కాప్ యాప్‌ల డేటా బయటికి పొక్కింది, ఒక విద్యార్థిని అరెస్టు చేశారు.

2023 డీపీడీపీ చట్టంలో (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) మన వివరాలు తప్పుగా ఉంటే సరిచేయమని అడిగే హక్కు రాశారు, 2025 నవంబరు నోటిఫికేషన్ ప్రకారం ఆ భాగం అమలుకు 18 నెలల గడువు పెట్టారు. నేరాల దర్యాప్తు, విచారణ పేరుతో వాడే డేటాకు సెక్షన్ 17లో మినహాయింపు ఇచ్చారు కాబట్టి పోలీసుల మీద అది అంతగా పనిచేయదు. కానీ ఇన్సూరెన్స్ అమ్మే ప్రైవేటు యాప్ పోలీసు కాదు కదా. తప్పు చలాన్ చూపించి మీ బండి రేటు తగ్గిస్తున్నది వాళ్లే. బ్లాక్ బైక్ గారూ, మీ పోరాటం అక్కడ చేయండి. యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఈమెయిల్ ఉంటుంది. మీ దగ్గర ఉన్న తప్పు సమాచారం ఇది, మూలంలో రద్దయింది, సరిచేసి నాకు రాతపూర్వకంగా చెప్పండి, మీకు ఇది ఎవరు ఇచ్చారో కూడా చెప్పండి అని రాయండి. చివరి ప్రశ్న వదలొద్దు, వాళ్లకు ఇచ్చినవాళ్ల దగ్గర సరికాకపోతే మళ్లీ వస్తుంది.

చందానగర్ చిన్నోడు · బుధవారం, ఉదయం 10:32

ఇంకోటి కూడా. చలాన్ పెండింగ్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) పంపుతున్నారు. అది ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు వాళ్లకు పోతాయి, బ్యాంకు ఖాళీ. మా బాబాయికి వచ్చింది, బండి నంబరు కరెక్ట్‌గా ఉందని నమ్మబోయాడు. పోలీసులు ఎప్పుడూ ఏపీకే పంపరు. పోర్టల్ మీరే తెరిచి చూడండి.

పాత స్టేషన్ రైటర్ · బుధవారం, మధ్యాహ్నం 1:15

శభాష్ బాబూ, మంచి మాట చెప్పావు. బ్లాక్ బైక్ బాబుకు ఒక సలహా: చలాన్ వేసిన యూనిట్ పేరు పాత మెసేజ్‌లో ఉంటుంది. ఆ ఆఫీసుకు ఆర్టీఐ పెట్టు. ఫలానా చలాన్ నంబరు ఏ తేదీన, ఏ కారణంతో రద్దయింది, రద్దు ఉత్తర్వు కాపీ కావాలి అని అడుగు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. పోర్టల్లో కనబడకపోయినా లోపల లాగ్ (ఎప్పుడు ఏం మార్చారో తెలిపే రికార్డు) ఉంటుంది. ముద్ర పడిన కాగితం చూపిస్తే డీలరూ నోరెత్తడు.

బ్లాక్ బైక్ · శుక్రవారం, రాత్రి 8:30

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆర్టీఐ స్పీడ్ పోస్టులో పంపాను. ఆ యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు గోప్యం గారు చెప్పినట్టే రాశాను. జవాబు వచ్చింది: చలాన్ తీసేశారట, ‘డేటా పార్ట్‌నర్’ నుంచి వచ్చిందట, పేరు మాత్రం చెప్పలేదు. మళ్లీ రాశాను. డీలర్ యాప్‌లో ఇంకా అలాగే ఉంది. ఆ కాగితం వచ్చేదాకా బండి అమ్మను.

ఒక సంగతి మాత్రం మనసులో తిరుగుతోంది. ఆ తెల్ల స్కూటర్ పెద్దాయనకు తన మీద చలాన్ పడిందని ఇప్పటికీ తెలియదు. ఆ మలుపు దగ్గర నిజంగానే స్పీడుగా వెళ్తుంటే, ఆపి చెప్పాల్సిన మనిషికి ఎవరూ చెప్పలేదు.

కృష్ణలంక లక్ష్మి · శుక్రవారం, రాత్రి 8:52

మేం కూడా ఆర్టీఏ ఆఫీసులో లెటర్ ఇచ్చి ముద్ర వేయించుకున్నామండి. కొన్నతనికి ఫోన్ చేస్తే సోమవారం వచ్చి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటా అన్నాడు. మీ ఆర్టీఐ దరఖాస్తు కాపీ, బండి నంబరు కొట్టేసి ఇక్కడ పెడతారా? మా పక్కింటివాళ్లకూ కావాలట.